ఎడమవైపు కాదన్నాక

ప్రవళికది చేవెళ్ల కాబట్టే ఆమెను కంటి క్యాంపుకు పంపారు. గచ్చిబౌలిలో ఆమె పనిచేసే చిన్న కంపెనీ ఒక ట్రస్టుకు ప్రోగ్రాం రాసిచ్చింది. ఆ ట్రస్టు ఊళ్లు తిరిగి, కంట్లో శుక్లాలున్న వాళ్లను పట్నం తీసుకుపోయి ఉచితంగా ఆపరేషన్లు చేయిస్తుంది. 2009 జులైలో మొదటిసారి కాగితాలు పక్కన పెట్టి, కంప్యూటర్ మీద క్యాంపు నడపాలనుకున్నారు. క్యాంపు మొయినాబాద్‌లో.

"నీకు దగ్గరే కద, ఒక్కరోజు పోయి కూర్చో," అన్నాడు టీమ్ లీడ్ ఉదయ్‌భాస్కర్.

శనివారమైనా ప్రవళిక సంతోషంగానే ఒప్పుకుంది. ఎవరికి ఆపరేషన్ చేయొచ్చో, ఎవరికి వాయిదా వేయాలో తేల్చే భాగం ఆమె రాసిందే. ఉద్యోగంలో చేరిన ఏడాదిన్నరకు ఒంటిచేత్తో పూర్తిచేసిన మొదటి పని అది.

అందులో నిబంధనలు ముందే రాసి ఉండవు. ట్రస్టువాళ్లు తెర మీద ముక్కలు ఎంచుకుంటారు: షుగర్ ఉంది, మరియు, షుగర్ పరీక్ష చేసి నెల దాటింది. రెండూ నిజమైతే వాయిదా. ప్రోగ్రాం నడుస్తూనే ఆ ముక్కలతో ఒక చెట్టు కట్టుకుంటుంది. దాన్ని ఎక్స్‌ప్రెషన్ ట్రీ అంటారు. కొమ్మ చీలే చోట 'మరియు' ఉంటుంది. దాని కింద ఎడమవైపొక ప్రశ్న, కుడివైపొక ప్రశ్న. ఆ చెట్టు సరిగ్గా నిలబడ్డ రోజు ప్రవళిక క్యాంటీన్‌లో అందరికీ సమోసాలు తినిపించింది.

మొయినాబాద్‌లో కిరాణా హోల్‌సేల్ నడిపే రామేశ్వర్ క్యాంపు బాధ్యత తీసుకున్నాడు. ఫంక్షన్ హాల్ ఇప్పించింది కూడా ఆయనే. పొద్దున తొమ్మిదికల్లా యాభై ఒక్కమంది వచ్చి కుర్చీల్లో కూర్చున్నారు. వాళ్లలో ముత్తమ్మ కనబడితే ప్రవళికకు ప్రాణం లేచొచ్చింది. ముత్తమ్మ చుట్టుపక్కల తోటల్లో పూలు కోసి, మాలలు కట్టి, చేవెళ్ల బస్టాండులో అమ్ముతుంది. ఇంటర్ చదివే రోజుల నుంచి ప్రవళిక పూలు కొనేది ఆమె దగ్గరే.

"సూదిల దారం ఎక్కుతలేదు బిడ్డా," అంది ముత్తమ్మ. "కనకాంబరమేదో ఆకేదో తెలుస్తలేదు. ఇయ్యాల మీ కంప్యూటర్ పుణ్యాన బాగైతది."

"అయితది అవ్వా."

పది దాటాక, వివరాలు ఎక్కించిన ఒక్కొక్కరి పేరున ఆపరేషనో వాయిదానో చెప్పే చిట్టీలు రావడం మొదలైంది. మొదటి అయిదూ వాయిదాలే. కారణం దగ్గర 'షుగర్ పరీక్ష పెండింగ్' అని ఉంది. ప్రవళిక పెద్దగా పట్టించుకోలేదు. పదకొండో చిట్టీ వచ్చేసరికి రామేశ్వర్ కళ్లజోడు సర్దుకుంటూ ఆమె దగ్గరికి వచ్చాడు.

"ఏందమ్మా ఇది? షుగర్ ఉన్నోళ్లంత బస్సెక్కుమంటున్నది. లేనోళ్లంత ఇంటికి పొమ్మంటున్నది."

ఆమె లాప్‌టాప్ తెరిచి తను రాసిన వరుసలు చూసుకుంది. పావుగంట కూడా పట్టలేదు. 'మరియు'కు ఆ భాషలో రెండు పదాలున్నాయి. ఆండ్ అని రాస్తే యంత్రం రెండు వైపులా చూసి గానీ జవాబు చెప్పదు. ఆండ్‌ఆల్సో అని రాస్తే, ఎడమవైపు కాదన్నాక ఇక కుడివైపు జోలికి పోదు. ఆమె ఆండ్ రాసింది. షుగర్ లేని మనిషి దగ్గర కూడా యంత్రం కుడివైపుకు వెళ్లి పరీక్ష తేదీ వెతికింది. లేని పరీక్షకు తేదీ ఎక్కడుంటుంది? ప్రోగ్రాం తడబడింది. తడబడితే ఆపరేషన్ ఆపెయ్యాలని, మనిషి ప్రాణం కాబట్టి, పెట్టిన జాగ్రత్త కూడా ఆమెదే. తప్పు బయటపడకుండా కప్పింది ఆ జాగ్రత్తే. ఆఫీసులో సరిచూసుకోవడానికి ఆమె సృష్టించిన పదిమంది రోగులకూ షుగర్ పరీక్ష జరిగినట్టే రాసుకుంది. ఏ పరీక్షా లేని మనిషి ఒక్కడూ ఆమెకు తట్టలేదు.

బయటికొచ్చి ఉదయ్‌భాస్కర్‌కు ఫోన్ చేసి అంతా చెప్పింది.

"సర్వర్ ట్రస్టువాళ్లది," అన్నాడతను. "వాళ్ల మేనేజర్ సంతకం లేకుండ ముట్టుకోవద్దు. ఆయన సోమవారం దాక ఊళ్లె లేడు."

"ఒక్క పదమే ఉదయ్. నేను ఇక్కడ్నే మార్చి చూసిన, మంచిగ నడుస్తున్నది."

"పోయినసారి కూడ మంచిగనే నడిచింది కద. ఎవ్వరం సరిగ చూడలేదు. ఇప్పుడు ఇంకోటి చూడకుండ పెడదామా? మనుషుల ఆపరేషన్లు ప్రవళికా."

అతను చెప్పిందాంట్లో తప్పేమీ లేదు.

లోపలికి వచ్చి, క్యాంపులో కళ్లు చూస్తున్న డాక్టరమ్మ దగ్గర తప్పు ఒప్పుకుంది. డాక్టరమ్మ శాంతంగానే విన్నది. "నేను నిన్ను నమ్ముత. కాని చిట్టీల ఓకే లేనిది పట్నంల మనిషిని లోపలికి తీసుకోరు. నా చేతిల ఏం లేదు," అంది.

అప్పుడు ప్రవళికకు ఒక ఉపాయం తోచింది. నిజంగానే పరీక్ష చేసి ఆ వివరం ఎక్కిస్తే? కుడివైపు యంత్రానికి తేదీ దొరుకుతుంది, తడబడదు. డాక్టరమ్మ ఒప్పుకుంది. నర్సు పెట్టె తీసి చూసింది. షుగర్ మిషన్‌లో పెట్టే స్ట్రిప్పులు తొమ్మిదే ఉన్నాయి. ఇంటికి పొమ్మన్న వాళ్లు ముప్పై నలుగురు.

వరుసలో ముందున్న తొమ్మిదిమందికి వేలు పొడిచారు. తొమ్మిది చిట్టీలూ మారాయి. ముత్తమ్మది ఆ వరుసలో పద్నాలుగో కుర్చీ. ఒక్కమాట చెబితే నర్సు ఆమెను ముందుకు పిలిచేదే. ప్రవళిక నోరు తెరవలేకపోయింది. తెరిస్తే వెనక్కి పోయేది ఇంకో మనిషి. ఆ మనిషి ముందే కూర్చుని ఆమె వైపే చూస్తున్నాడు.

రామేశ్వర్ స్కూటర్ తీసి మెడికల్ షాపులన్నీ తిరిగాడు. దొరికినవి వేరే మిషన్ స్ట్రిప్పులు. మిషన్ కూడా కొందామంటే ఆ షాపులో స్టాకు లేదు. ఆయన చేవెళ్లకు మనిషిని పంపాడు గానీ, పట్నంలో అయిదు దాటితే చేర్చుకోరని బస్సు మూడింటికే కదిలింది. చేవెళ్లకు పోయిన మనిషి డబ్బా పట్టుకుని వచ్చేసరికి హాల్లో కుర్చీలు ఎత్తుతున్నారు.

సోమవారం సంతకం అయింది. ప్రవళిక ఆండ్ పక్కన ఆల్సో చేర్చింది. ఆ వారమే యాభై రకాల రోగులను సృష్టించి సరిచూశారు. తరువాతి క్యాంపు దసరా దాటాక అని తెలిసింది.

నెల గడిచాక ఒక ఆదివారం ఆమె చేవెళ్ల బస్టాండుకు పోతే, పూల గంప దగ్గర ముత్తమ్మ కోడలు వనిత కూర్చుని ఉంది. ముత్తమ్మ పక్కన ఊరికే కూర్చుని జొన్నరొట్టె తింటోంది. మనిషి సగమైంది.

"షుగర్ అన్నరు గదక్కా," అంది వనిత. "అన్నం మానేసింది. చాయ కూడ తాగుతలేదు."

ప్రవళిక అక్కడే మోకాళ్ల మీద కూర్చుంది. "నీకు షుగర్ లేదవ్వా. నేను రాసిన ప్రోగ్రాంల తప్పు పడ్డది."

"నువ్వెందుకు తప్పు రాస్తవు బిడ్డా, అంత సదువుకున్నదానివి. చిట్టీల ఉన్నది గద. వనితతోని సదివిచ్చుకున్న."

ఎంత చెప్పినా వినకపోతే ఆటో ఎక్కించి దవాఖానకు తీసుకుపోయింది. పరీక్షలో ఏమీ లేదని తేలింది. ప్రవళిక ఆ కాగితం ఆమె చేతిలో పెట్టి, అంకెలు చదివి, షుగర్ లేదని రెండుసార్లు చెప్పింది.

ముత్తమ్మ కాగితాన్ని తడిమి మడత పెట్టుకుంది. ముఖంలో తృప్తి కనిపించింది.

"అన్నం మానేస్తిని గద, దిగింది," అంది.

"అవ్వా, దిగుడు కాదు. మొదలే లేదు."

"మంచిగ చెప్తున్నవు బిడ్డా, నన్ను ఫికర్ చెయ్యొద్దని."

"దసరా అయినంక మల్ల క్యాంపు ఉన్నది. నేనే వచ్చి తోల్కపోత."

"నాకొద్దు. షుగర్ ఉన్నోళ్లకు కన్ను కోస్తే మానదట."

"ఆ రోజు షుగర్ ఉన్నోళ్లనే తీస్కపోయిన్రు కదవ్వా. అందరికి మంచిగనే అయింది."

"వాళ్లకు జర తక్వ ఉండొచ్చు," అని ముత్తమ్మ లేచి, గోడ పట్టుకుని, మెట్టు ఎక్కడుందో కాలితో వెతుక్కుంది.