కోటిలో మిగిలే ఒకటి

తిరుపతిలో ఆ వీధి ఆడవాళ్ళంతా కలిసి రామకోటి రాయాలనుకున్నది రెండో ప్రపంచయుద్ధం ముగిసిన ఏడు. కోటిసార్లు ‘శ్రీరామ’ అని రాయడం ఒక్కరివల్ల అయ్యే పనా? తొమ్మిదిమంది సమంగా పంచుకుందామన్నారు. ఆ తొమ్మిదో మనిషి వీధి ఊడ్చే సిద్ధమ్మ. రాత్రిబడిలో పలకతో కుస్తీపట్టి, ఆ మూడక్షరాలూ నేర్చుకుని మరీ వచ్చి అడిగింది. మొహమాటానికి అందరూ సరేనన్నారు. ఇంటికి పోగానే ఒక్కొక్కరికీ ఒళ్ళు మండింది. ఆమె రాసిన కాగితాలు తమ కాగితాలతో కలిపి గుడికి ఇవ్వడమా!

“వద్దని మొగాన సెప్పేదెట్టా? మీరే ఏదో ఒకటి సెప్పండి,” అని పంకజాక్షి మొగుణ్ణి పట్టుకుంది.

మొగుడు మునిరత్నం హైస్కూల్లో లెక్కల అయ్యవారు. మంచివాడే, పెళ్ళాం మాటకు ఎదురు చెప్పే దమ్ము లేదు, అంతే. అబద్ధం కోసం ఆయన వెతుక్కోనక్కర కూడా లేకపోయింది.

“సూడు సిద్ధమ్మా, కోటిని తొమ్మిది భాగాలు సేస్తే సమంగా రాదు, ఒకటి మిగిలిపోతాది. దేవుడి పనిలో మిగులు ఉండకూడదు. ఎనిమిదైతే తలా పన్నెండున్నర లక్షలు, సరిగ్గా పోతాది.”

నిజమే. ఒకటి పక్కన ఎన్ని సున్నాలు పెట్టినా, తొమ్మిదితో భాగిస్తే ఒకటే మిగులుతుంది. అయితే ఆ ఒక్కటీ తీసేస్తే తక్కినదంతా తొమ్మిదికీ చక్కగా పోతుందనీ, తలా పదకొండు లక్షల పదకొండు వేల నూటపదకొండు వస్తుందనీ, మిగిలిన ఒక్క నామం ఎవరు రాసినా అరనిమిషం పట్టదనీ కూడా ఆయనకు తెలుసు. ఆ ముక్క మింగేశాడు మహానుభావుడు. సిద్ధమ్మ తలూపి వెళ్ళిపోయింది. ఆ రోజంతా బడిలో ఆయనకు తన మీద తనకే ఛీ అనిపించింది.

మర్నాడు పొద్దున్నే సిద్ధమ్మ మళ్ళీ వచ్చింది. తల దువ్వుకుని, ఉతికిన కోక కట్టుకుని ఉంది. మెట్టు కిందే నిలబడింది.

“అయివారూ, తొమ్మిదో భాగం నాకొద్దు. ఆ మిగిలిపోయే ఒక్కటుండాదే, అది నాకియ్యండి. రాసేసి పోతా.”

ఎనిమిదిమందికి పంచితే ఏమీ మిగలదని చెప్పాల్సినవాడు లోపలికి పోయి కాగితం, పెన్సిలు తెచ్చి అరుగు మీద పెట్టాడు. ఆమె వీధిలోనే గొంతుక్కూర్చుని, మోకాలి మీద కాగితం పెట్టుకుని, ఒక్కో అక్షరమే కూడబలుక్కుంటూ రాసింది. శ్రీ వంకరపోయింది. కళ్ళకద్దుకుని కాగితం అరుగు మీద పెట్టింది.

“ఇప్పుడు సరిపాయనా లెక్క?”

“సరిపోయింది,” అన్నాడు మునిరత్నం.

తలుపు చాటునుంచి పంకజాక్షి, “ఆ కాగితం లోపలికి తేబాకండి,” అంది.

సిద్ధమ్మ విన్నదో లేదో, రెండు చేతులూ ఎత్తి మొక్కింది.

“ఇంతమంది సదువుకున్నోళ్ళుండారు, నాకు ఒకటన్నా దక్కేట్టు లెక్క సూసింది మీరే సామీ.”

మునిరత్నం సిగ్గుతో చచ్చిపోయాడు. తిరిగి దండం పెట్టడానికి కూడా చేతులు లేవలేదు.