ఖాళీ బండి ట్రయల్

పైడిరాజు దూర ప్రయాణాలకు వాడే ఆ పెద్ద టూరింగ్ మోటార్‌సైకిల్ నడుపుతున్నాడు. తన మెకానిక్ షెడ్డులోంచే మొదలైన రోడ్డు ఒకసారి భీమిలి బీచ్ రోడ్డులా, అంతలోనే అనంతగిరి ఘాట్‌లా మారిపోతోంది. వెనక సీటులో జోగారావు మాస్టారు రెండు చంకల్లో, బండి పక్కల తగిలించే సామాన్ల పెట్టెలు రెండూ ఇరికించుకుని కూర్చున్నారు. మాస్టారు పోయి ఏడాది దాటిందని పైడిరాజుకు తెలుసు, అయినా వెనక చక్రం దిగబడుతుంటే పోయిన మనిషికి ఇంత బరువేమిటని అడగడం మర్యాదగా తోచడం లేదు.

"ఎనభై దాటించరా," అంటున్నారు మాస్టారు.

దాటించగానే ముందు చక్రం తేలిపోయి హ్యాండిల్ ఎడమకీ కుడికీ కొట్టుకుంటుంది, బిగించి పట్టిన కొద్దీ మూడు క్వింటాళ్ల బండి దున్నపోతులా ఇంకా మొండికేస్తుంది.

"బాగుకిచ్చినప్పుడు నీకు నేను చెప్పింది ఈ ఊపేరా."

"నేను తోలినప్పుడు రాలేదండి మాస్టారూ. ఒట్టు."

"పెట్టెలతోనే తోలావేటి?"

"లేదండి. గీత పడితే మాటొస్తాదని ఎవరి పెట్టెలైనా ముందే తీసి, గుడ్డ కప్పి అటక మీద పెట్టేస్తానండి."

ఇరవై ఏళ్లుగా షెడ్డుకు మంచి పేరు తెచ్చిన అలవాటే అది.

"ఖాళీ బండి ఎవడికైనా చక్కగానే పోతాది. నేను ఖాళీగా తిరిగానేటి?"

రోడ్డు కాస్తా మాస్టారు ఒకప్పుడు డ్రాయింగ్ చెప్పిన బడి వరండా అయిపోతుంది, బండి బెంచీల మధ్య నుంచి ఊగుతూనే పోతోంది, బ్రేకు ఎక్కడుందో కాలికి గుర్తు రావడం లేదు.

"అంతా మీ భయమేనని నవ్వేశాను మాస్టారూ."

"నేనూ నీ మాటే నమ్మేను. వయసైపోయి నా చేతులే వణుకుతున్నాయనుకున్నాను. ముసలాడు జోరుగా తోలి చచ్చాడని మా అమ్మాయి హైమ ఇప్పటికీ నన్ను తిట్టుకుంటోంది. దానికి చెప్పావేటి?"

"అయితే నువ్వే పట్టుకో," అంటూ మాస్టారు రెండు పెట్టెలూ పైడిరాజు చేతుల్లోకి తోస్తారు, అందుకోవాలంటే హ్యాండిల్ వదలాలి, వదిలేస్తాడు.

షెడ్డు బల్ల మీద ఉలిక్కిపడి లేచాడు. అన్నం తిని నడుం వాల్చి గంటైనా కాలేదు. ఎదురుగా మాస్టారి బండే, ఆయన కూతురు బాగు చేయించి తోలుకుంటోంది. సర్వీసుకిచ్చింది, సాయంత్రం తల్లిని వెనక ఎక్కించుకుని కన్యాకుమారి బయల్దేరుతుంది. పొద్దున్నే ట్రయల్ వేసి "బ్రహ్మాండంగా ఉందమ్మా" అని ఫోన్‌లో చెప్పేశాడు కూడా.

తలెత్తి చూశాడు. అటక మీద, గుడ్డ కింద, హైమ పెట్టెలు రెండూ పక్కపక్కనే ఉన్నాయి.

ఫోన్ తీశాడు.

"ఆటో ఎక్కేశాను పైడిరాజు గారూ, అరగంటలో వచ్చేస్తా," అంది హైమ.

"రామ్మా. బండి మాత్రం ఇవాళ ఇవ్వను," అన్నాడు. "మీ నాన్నగారు జోరుగా తోలలేదు."