పన్ను చేసిన తప్పేమిటి

బహ్రెయిన్‌కి కాపురానికి వచ్చాక జమునకు మొదటిసారి ఒళ్ళు మండింది ఒక శుక్రవారం మధ్యాహ్నం, అన్నం పళ్ళెం ముందు.

అంతవరకూ ఆమెకు ఇక్కడ కనపడ్డదల్లా ముద్దొచ్చేది. హమద్ టౌన్‌లోని రెండు గదుల ఫ్లాటు ముద్దొచ్చేది. మలుపులోని బట్టీవాడు కాగితంలో చుట్టి ఇచ్చే వేడి ఖుబ్బూస్ రొట్టెని ఇల్లు చేరేలోగా అంచు తుంచి తినేయడం, ఎదురు మేడ మీది పావురాలు సాయంత్రం అన్నీ కలిసి ఒక్కసారి లేవడం, అన్నీ ముద్దే. ఆఖరికి వంటింటి కప్పు మీద మరక కూడా. పై ఇంటి బాత్రూం నీళ్ళు దిగి ఏర్పడ్డ ఆ మరక ఆమెకు ఏనుగు తలలా కనిపించేది. ఇంటి యజమాని పంపిన మనిషి వచ్చి దాన్ని గీకి, సున్నం పూసి, రంగు వేసి వెళ్ళాడు. వారం తిరక్కుండా ఏనుగు మళ్ళీ వచ్చింది. అతను మళ్ళీ వచ్చి మళ్ళీ గీకాడు. "పైన కారుతుంటే కింద గీకుతడేంది బావా!" అని జమున కడుపు పట్టుకుని నవ్వింది.

అన్నిటికన్నా ముద్దొచ్చేది మల్లేష్ నవ్వు. పై వరసలో ఎడమవైపు కోరపన్ను పక్కనున్న పన్ను ఒకటి వరస తప్పి కాస్త ముందుకొచ్చి ఉంటుంది. మామూలుగా ఉంటే కనపడదు, నిండుగా నవ్వితేనే తొంగిచూస్తుంది. పెళ్ళిచూపుల్లో ఆ పన్ను చూసే ఆమె సరేనంది. ఇంట్లో అడిగితే మాత్రం "ఉద్యోగం మంచిదే కదా" అంది. డిగ్రీ చదివిన పిల్ల పన్ను చూసి ఒప్పుకున్నానని ఎలా చెబుతుంది?

ఆ శుక్రవారం ఆమె కోడికూర చేసింది. ధనియాలు, ఎండుకొబ్బరి, నువ్వులు దోరగా వేయించి నూరింది. జొన్నరొట్టెలు కొట్టింది. ఆ వాసనకి పక్క ఫ్లాటు మలయాళీ అక్క తలుపు తీసి మరీ అడిగింది. మల్లేష్ మాత్రం కాగితం నమిలినట్టు నమిలాడు.

"ఎట్లుంది బావా?"

"మంచిగుంది."

"ఎల్లిగడ్డ ఎక్కువైందా?"

"కొంచెం ఎక్కువైంది. అయినా మంచిగనే ఉంది."

జమున చేతిలోని గరిటె అలాగే ఆగిపోయింది. ఇంట్లో వెల్లుల్లి నిండుకుంది. కూరలో ఒక్క రెబ్బ కూడా వెయ్యలేదు.

"అబద్ధం! ఎల్లిగడ్డనే ఎయ్యలే! పొద్దటి నుంచి పొయ్యి కాడ నిలబడ్డ. నీకు నచ్చకపోతే నచ్చలేదని చెప్పు. గింత మంచి కూరను పట్టుకుని..."

"అరే, గట్ల కాదే." మల్లేష్ పళ్ళెం పక్కకి జరిపాడు. "నాకు వాసనే తెలుస్తలేదు. ఆ జలుబు చేసిన కాడి నుంచి గంతే. గడ్డి పెట్టినా గట్లనే తింట."

అప్పుడు చూసింది సరిగ్గా. అతను కుడివైపే నములుతున్నాడు. ఎడమ కంటి కింద చెంప కాస్త పొంగి ఉంది. చెయ్యి వేసింది. వెచ్చగా ఉంది.

మల్లేష్ ఒక కంపెనీలో ఎలక్ట్రికల్ ఫోర్‌మన్. గోడలు కోసి వైర్లు వేసే పని. రోజంతా సిమెంటు దుమ్ము. ఆ మధ్య జలుబు చేస్తే ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. తగ్గింది కూడా. హాయిగా రెండు రోజులు తిరిగాడు. తర్వాత మళ్ళీ జ్వరం, ముక్కు ఒకవైపు దిబ్బడ, చీదితే పచ్చగా చిక్కగా, ఇప్పుడు పంటినొప్పి. ఇవన్నీ ఒకదాని తర్వాత ఒకటి చెప్పి, చివరన నెమ్మదిగా అన్నాడు.

"పోశన్న కాక పండ్ల డాక్టరుతోని మాట్లాడిండు. పొద్దుమీకి పోయి పీకించుకుంట. నువ్వు భయపడతవని చెప్పలే."

"ఏ పన్ను?"

అతను వేలు పెట్టి చూపించాడు. అదే.

జమున గరిటె గిన్నెలో పడేసింది. తనకు చెప్పకుండా, తనను అడగకుండా, తన పన్నును పీకడానికి ఈ పోశన్న ఎవరు?

పోశన్న మల్లేష్‌కి వరసకు చిన్నాయన. తాపీమేస్త్రీ. దుబాయి దేశాలన్నీ తిరిగి ఇక్కడ స్థిరపడ్డవాడు. కూలీలుండే క్యాంపులో ఆయన మంచం కింద ఒక పాలపొడి డబ్బా ఉంటుంది. ఊరి నుంచి ఎవరు విమానమెక్కినా మందుల కవరు ఒకటి తేవాలి. వచ్చిన గోలీలన్నీ ఆ డబ్బాలో కలుస్తాయి. ఎవరికి ఏమొచ్చినా పోశన్న మూత తీస్తాడు. ఒళ్ళునొప్పులకు ఒక రంగు, జ్వరానికి ఇంకో రంగు. జలుబు ముదిరితే "పెద్దగోలీ", అంటే యాంటీబయోటిక్, రెండు. తగ్గితే చాలు, మిగిలినవి తిరిగి డబ్బాలో వెయ్యాలి, రేపు ఇంకొకరికి పనికొస్తాయి. అది అక్కడి మర్యాద. మల్లేష్ కూడా ఆ మర్యాద తప్పలేదు. ముక్కులో వేసుకునే చుక్కల సీసా ఒకటి మాత్రం తన దగ్గరే ఉంచుకున్నాడు.

సాయంత్రం పోశన్నే దగ్గరుండి తీసుకెళ్ళడానికి వచ్చాడు. జమున చీర మార్చుకుని చెప్పులేసుకుంది.

"నువ్వెందుకు పిల్లా? పన్ను పీకుడు సూసి కండ్లు తిరిగి పడిపోతే నిన్నెవలు మొయ్యాలె?"

"పన్ను పోయేది నా మొగనిది మామా. నేను రాకపోతే ఎట్ల?"

"వీడు పండ్లన్నీ ఊడిన ముసలోడైనట్టు జేస్తున్నవ్! నాకు సూడు, నాలుగు పోయినయ్. మీ అత్త ఇడిసిపెట్టిందా?" అని పోశన్న నోరు తెరిచి చూపించాడు. మల్లేష్ నవ్వబోయి చెంప పట్టుకున్నాడు.

ఆసుపత్రి చిన్నదే, తళతళలాడుతోంది. లోపలి గది ముందు చెప్పుల మీద నీలం ప్లాస్టిక్ తొడుగులు వేసుకోవాలి. మల్లేష్ వంగాడు. వంగీ వంగగానే "అవ్వా!" అని గోడకు చేరగిలబడ్డాడు.

"ఏమైంది బావా?"

"వంగితే మొకం పగిలిపోతున్నట్టుంది. పండ్లన్నీ ఒక్కసారే గుంజుతున్నయ్."

జమున అతని కాళ్ళకు తొడుగులు వేస్తూ ఆలోచించింది. వంగితే పన్నెందుకు నొస్తుంది? పొద్దున ఫ్రిజ్‌లో నీళ్ళు గటగటా తాగాడు, పన్ను జివ్వుమనలేదు. నొచ్చే పన్ను చన్నీళ్ళకు ఊరుకుంటుందా?

కుర్చీలో పడుకోబెట్టాక డాక్టరు ఒక ఉక్కు పుల్లతో పంటి మీద తట్టాడు. "ఇదేనా?" అని హిందీలో అడిగాడు.

"హా సార్, నొస్తుంది."

పక్కదాని మీద తట్టాడు. "ఇది?"

"అది భీ."

ఆ పక్కది.

"అది భీ సార్."

డాక్టరు చేతులు దులుపుకున్నాడు. "మధ్యదే అసలుది. నికాల్ దేంగే. ఖలాస్." సూది కోసం నర్సు వైపు చెయ్యి చాచాడు.

"ఆగండి!" జమున గదిలోకి వచ్చేసింది. తనకొచ్చిన హిందీ అంతా కూడగట్టుకుంది. "మూడూ నొస్తున్నాయి కదా. మధ్యదే అని మీకెలా తెలిసింది? ఎక్స్‌రే తీశారా?"

"మిషన్ పనిచేయట్లేదు. అనుభవం ఉంది నాకు. మీరు బయట కూర్చోండి మేడం."

"మిషన్ బాగయ్యాక పీకండి! దీన్ని పీకాక పక్కది నొస్తే? అదీ పీకుతారా? ఆ పక్కదీ పీకుతారా? నోరంతా ఖాళీ చేశాక నొప్పి ఇంకా ఉంటే తల తీసేస్తారా?"

నర్సు తలొంచుకుని నవ్వాపుకుంది. డాక్టరు ముఖం ఎర్రబడింది. గుమ్మంలోంచి పోశన్న "ఓ పిల్లా, పెద్ద డాక్టరు, గట్ల మాట్లాడతరా? పరువు తీస్తున్నవ్!" అని కేకేశాడు.

"పరువు మళ్ళా వస్తది మామా, పన్ను రాదు. బావా, లే!"

మల్లేష్ డాక్టరును చూశాడు, చిన్నాయనను చూశాడు, భార్యను చూశాడు. మెడకు కట్టిన కాగితం విప్పి లేచాడు.

మర్నాడు డ్యూటీకి సెలవు పెట్టించి హెల్త్ సెంటర్‌కు తీసుకెళ్ళింది. అక్కడి డాక్టరు నాదియా పూర్వులది నిజామాబాద్. వీళ్ళ మాట వినగానే తెలుగులోకి దిగింది. జమున నిన్నటి సంగతంతా ఊపిరి తిప్పుకోకుండా చెప్పింది. నాదియా నవ్వలేదు. ముక్కులో లైటు వేసి చూసింది. కంటి కింద ఎముక మీద బొటనవేలితో నొక్కింది. మల్లేష్ ఎగిరిపడ్డాడు. చిగుళ్ళు, పళ్ళు చూసింది.

"జలుబు తగ్గి, మళ్ళీ ఎక్కువైందా? జ్వరం మళ్ళీ వచ్చిందా?"

"అవును మేడం."

"పళ్ళు బాగానే కనపడుతున్నాయి భాయ్. ఇది సైనస్. చెంప ఎముక లోపల ఖాళీ గది ఉంటుంది. పైపళ్ళ వేర్లు దాని నేల దాకా వెళతాయి. జలుబుకు ఆ గది ద్వారం వాచి మూసుకుపోయింది. లోపలి నీరు బయటికి పోలేక చీము పట్టింది. వంగితే బరువంతా పళ్ళ మీద పడుతుంది. గొడవ పై ఇంట్లో..."

"కింద ఇంట్ల గీకుతున్నరు!" జమున కుర్చీలోంచి దాదాపు లేచింది. "మా వంటింటి ఏనుగు బావా!"

నాదియాకు ఏనుగు సంగతి అర్థం కాలేదు గానీ తల ఊపింది. "సైనస్‌కి మామూలుగా ఎక్స్‌రే అవసరమే లేదు, అడిగి, నొక్కి చూస్తే చాలు. కానీ పన్ను పీకేటప్పుడు చూడకుండా ఎట్లా పీకుతారు? ఇది తగ్గాక కూడా ఒకే పన్ను నొస్తే అప్పుడు వేరే డెంటిస్టుకు చూపించండి. ఇప్పటిదాకా మందులేం వాడారు?"

మల్లేష్ నసిగాడు. "పెద్దగోలీలు ఏసుకున్న మేడం. రెండు. జలుబు చేసిన మొదట్ల."

"రెండా?" నాదియా కలం కింద పెట్టింది. "ఎవరిచ్చారు?"

పోశన్న డబ్బా గురించి విన్నాక ఆమె గొంతు పెరిగింది. "జలుబు వైరస్‌ది. దానికి ఆ గోలీ ఏమీ చెయ్యదు. దానంతటదే పోతుంది. అప్పుడు అక్కర్లేనిది మింగారు. ఇప్పుడు తిరగబెట్టింది కాబట్టి అవసరం పడింది, ఇప్పుడు రాస్తున్నాను. రాసినన్ని రోజులూ వాడాలి. రెండు వేసుకుని మిగిలింది డబ్బాలో వేస్తే లోపల చావని క్రిములు ముదురుతాయి. రేపు మీకే కాదు, క్యాంపులో ఎవరికీ అది పనిచెయ్యదు. ముక్కులో చుక్కలు కూడా వేస్తున్నారా? ఎన్నాళ్ళ నుంచి?"

"జలుబు నుంచి."

"ఆపెయ్యండి. రెండు మూడు రోజులు దాటితే అవే ముక్కు మూస్తాయి. వేరే స్ప్రే ఇస్తాను. మరిగించి చల్లార్చిన నీళ్ళలో ఉప్పు కలిపి ముక్కు కడగండి. నల్లా నీళ్ళు వద్దు. కన్ను వాచినా, ఒక్కటే రెండుగా కనపడినా, మెడ బిగుసుకుపోయినా ఆలోచించకుండా ఎమర్జెన్సీకి వెళ్ళండి."

ఆ పెద్దగోలీల అట్టలు ఎలా వచ్చాయో వచ్చే దారిలో జమునకు గుర్తొచ్చింది. తను విమానమెక్కే రోజున పోశన్న భార్య పోచవ్వ తెచ్చిచ్చిన కవరు. పెళ్ళి చీరల మడతల్లో భద్రంగా పెట్టుకుని, నలగకుండా, తనే తెచ్చింది! తన చీరల్లో దాక్కుని వచ్చి తన మొగుడి పన్నుకే ఎసరు పెట్టాయా!

ముక్కు కడగడం మల్లేష్‌కు నరకం, జమునకు పండగ. అతను సింకు మీద వంగి ఏనుగు ఘీంకరించినట్టు చప్పుళ్ళు చేస్తుంటే ఆమె పక్కన తువ్వాలు పట్టుకుని నవ్వేది. జ్వరం పోయింది. చెంప దిగింది. వంగి బూట్ల తాళ్ళు తనే కట్టుకున్నాడు. వాసన మాత్రం తెలియలేదు. జమున రోజూ కాఫీపొడి, కొత్తిమీర, మల్లెనూనె అతని ముక్కు ముందు పెట్టి చూసేది. "ఊహూ" అనేవాడు.

ఒక సాయంత్రం పెనం మీద రొట్టె వేసిందో లేదో పోశన్న ఫోను.

"పిల్లా, వానికి తగ్గిందట గదా. మిగిలిన గోలీలు పంపు, డబ్బాల ఏస్త. గంగన్నకు జలుబు జేసింది."

అంతే. జమున ఒక చేత్తో ఫోను, ఒక చేత్తో నడుము పట్టుకుంది.

"మిగలవు మామా! ఒక్కటి గూడ మిగలదు, డాక్టరు రాసినన్నీ మింగాల్సిందే! గంగన్నకు జలుబైతే ఉప్పునీళ్ళు ఇయ్యండ్రి, పండుకోనియ్యండ్రి. మళ్ళీ జ్వరమొస్తే డాక్టరు కాడికి తోల్కపోండ్రి. మీ డబ్బాల చెయ్యి పెడితే ఊకోను! నా పెండ్లి చీరెల పెట్టి తెచ్చిన గోలీలు అవి. నన్ను దొంగ సరుకు మోసేదాన్ని చేసిండ్రు మీరు, అత్త కలిసి! వచ్చే శుక్రవారం నేనే క్యాంపుకొస్త, ఆ డబ్బా..."

"జమునా!" లోపలి గదిలోంచి మల్లేష్ కేక. "ఏందో మాడుతుందే!"

"నువ్వాగు బావా, నేను మామతో..."

ఆమె ఆగింది. పెనం మీద రొట్టె నల్లగా పొగలు కక్కుతోంది. ఆ పొగ ఇంకా వంటింటి గుమ్మం కూడా దాటలేదు.

మల్లేష్ గుమ్మంలోకి వచ్చాడు. ముక్కుపుటాలు ఎగరేస్తున్నాడు. "జొన్నరొట్టె గదా? మాడింది గదా? వాసనొస్తుందే!"

"ఏమయ్యా!" జమున అరిచింది. "మల్లెనూనె పెడితే తెల్వలే, కొత్తిమీర పెడితే తెల్వలే, కోడికూర పెడితే గడ్డి అన్నవ్! నేను మాడ్చింది మాత్రం గది అవతలి నుంచి తెలిసిందా నీకు?"

కళ్ళు మాత్రం నీళ్ళతో నిండిపోయాయి. పొగ వల్లేనని అనుకోమనండి ఎవరినైనా.

మల్లేష్ నవ్వాడు. నిండుగా నవ్వాడు. వరస తప్పిన పన్ను తొంగిచూసింది. అతను మాడిన రొట్టె అంచు విరిచి ఎడమ దవడ కింద పెట్టి కటకట నమిలాడు.

ఫోనులో పోశన్న ఇంకా ఉన్నాడు. "ఏం మాడింది పిల్లా? గా సప్పుడేంది?"

"మీరు పీకిస్తనన్న పన్ను మామా," అంది జమున. "వినుండ్రి, మంచిగ వినుండ్రి." ఫోను తీసుకెళ్ళి మల్లేష్ చెంప దగ్గర పెట్టింది.