బండిలో మర్చిపోయిన గ్లౌజులు

ఇళ్ళకు వెళ్ళి మంచాన పడ్డవాళ్ళను చూసుకునే ఆయాలకు ఆఫీసులో ఒక అబద్ధం నేర్పిస్తారు. ఇంట్లో ఏదైనా తేడాగా అనిపిస్తే "గ్లౌజులు బండిలో మర్చిపోయాను, తెచ్చుకుంటా" అనాలి. బయటికొచ్చెయ్యాలి. మళ్ళీ లోపలికి వెళ్ళకూడదు. ఎవరూ నొచ్చుకోరు, ఎవరి తలా పగలదు. సూపర్‌వైజరమ్మ ఈ ముక్క అందరిచేతా పదేసిసార్లు అనిపించింది.

మన ఆయా కూడా అంది. కాకపోతే చేతులకు గ్లౌజులు తొడుక్కుని మరీ అంది.

పాపం, ఆవిడ మాత్రం ఏం చేస్తుంది? మామ్మగారికి ఒళ్ళు తుడవడం సగంలో ఉండగా కొడుకు వచ్చి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. పొద్దున్న పదింటికే పూటుగా తాగి ఉన్నాడు. చేతిలో తల్లి చేతికర్ర. నిన్న దాంతోనే టీవీ పగలగొట్టాడు. ఇవాళ దేన్ని పగలగొట్టాలో ఇంకా తేల్చుకోలేదు.

"మరి చేతులకున్నవేంటి?" అన్నాడు.

ఆయా చూసుకుంది. పది వేళ్ళకూ తెల్లగా, శుభ్రంగా ఉన్నాయి.

"అవి చిరిగాయిరా, కళ్ళు కనపడట్లేదా?" అని మంచంలోంచి కసిరింది మామ్మగారు. "చిరిగినవాటితో నన్ను ముట్టుకుంటే ఊరుకుంటానా? వెళ్ళవే, కొత్తవి తెచ్చుకో. ఇంకా నిలబడతావేం?"

కొడుకు పక్కకు తప్పుకున్నాడు.

వీధిలోకొచ్చాక ఆయా సూపర్‌వైజరమ్మకు ఫోన్ చేసింది.

"బయటికొచ్చేశావుగా? మంచిపని చేశావ్. పోలీసులకి నేను చెప్తా, అరగంటలో వస్తారు. నువ్వు మాత్రం లోపలికెళ్ళకు."

"మరి మామ్మగారో?"

"రూల్ మనవాళ్ళకేనమ్మా."

అరగంటట! ఆయాకు ఒళ్ళు మండింది. తనను బయటపడేసిన మనిషిని ఆ కర్రకు వదిలేసి, బండెక్కి దర్జాగా పోవాలా? వెనక్కి నడిచింది. గడప మాత్రం దాటలేదు, భయం భయమే కదా.

"బాబుగారూ! ఆఫీసువాళ్ళు మామ్మగారికి కొత్త వీల్‌చైర్ ఇస్తున్నారండీ, ఊరికే. వ్యాను వీధి చివర ఆగింది. పాతదాంట్లో కూర్చోబెట్టి తీసుకొస్తే కొలత చూసుకుంటారట."

ఊరికే అనేసరికి కొడుక్కి సగం మత్తు దిగింది. కర్ర గోడకానించి, తల్లిని ఎత్తి కుర్చీలో కూర్చోబెట్టి, దుప్పటి కప్పి, గడపదాకా తోసుకొచ్చాడు. ఆయా కుర్చీ అందుకుని గడప దాటించింది.

"దిండు కూడా మార్చిస్తారటండీ."

అతను దిండు కోసం లోపలికి వెళ్ళాడు. ఆయా తలుపు లాగి గొళ్ళెం పెట్టేసింది.

లోపల్నుంచి బాదుడు మొదలైంది. ఆయా కుర్చీ వైపు తిరిగింది. "ఏమనుకోకండి మామ్మగారూ. మీ అబ్బాయిని మీ ముందే..."

మామ్మగారు తలుపుకేసి చూస్తోంది. "దానికి బయట కూడా గొళ్ళెం ఉందటే?"

"ఉందండీ."

"తియ్యకు." కూరలో ఉప్పు తక్కువైందని చెప్పినంత మామూలుగా అంది. "వాడంటే నాకు భయమే. మూడేళ్ళనుంచీ. కన్నదాన్ని, ఎవరితో చెప్పుకోను?"

ఆయాకు ఏడుపొచ్చింది. ఏమనాలో ఆఫీసులో నేర్పలేదు. కుర్చీని ఇంకో రెండిళ్ళ అవతలికి తోసింది.