తిరగేసిన చైనా సింబల్

వదిన అన్నం తినడానికి స్టూడియో బయటికి వెళ్లినప్పుడు మరిది ఆమె డ్రమ్స్‌కి బిగించిన పళ్లెం లాంటి చైనా సింబల్‌ను తిరగేశాడు.

"మిగతా సింబల్స్‌కి మధ్య గుబ్బ పైకి ఉంది. ఇదొక్కటే బోర్లా ఉంది. వీడియో చూసినవాళ్లు నవ్వుతారు" అన్నాడు. రికార్డింగ్ ఇంజనీరు నిజమేనని నట్టు విప్పి ఇచ్చాడు.

చైనా సింబల్ అంచు వెనక్కి మడిచి ఉంటుంది. బోర్లా బిగిస్తే వాయించే పుల్ల ఆ మడత మీద పడుతుంది. తిరగేస్తే అంచు పుల్లకు ఎదురు నిలుస్తుంది. పుల్లనూ తింటుంది, తానూ చీలుతుంది. వదిన దాన్ని పెళ్లికి ముందు కొనుక్కుంది. బోర్లాగా తప్ప ఎప్పుడూ బిగించలేదు.

ఆమె తిరిగి వచ్చి హెడ్‌ఫోన్లు పెట్టుకుని, అద్దం అవతల పాడుతున్న మరిదినే చూస్తూ వాయించింది. చరణం ముందు చైనా మీద కొట్టింది. పుల్ల కొస ఎగిరిపోయింది. వేరే పుల్ల తీసుకుని రెండో చరణం ముందు మళ్లీ కొట్టింది. శబ్దం మారింది. ఆపి చూస్తే అంచు నుంచి లోపలికి వేలెడంత చీలిక.

"దీన్ని ఎవరు ముట్టుకున్నారు?"

మరిది తలుపు తెరుచుకుని వచ్చాడు. "నేనే వదినా. తలకిందులుగా ఉందని సరిచేశా."

"సరిచేశావా! ఇన్నేళ్లూ నా పక్కనే నిలబడి పాడావు. ఇన్నేళ్లూ అది అలాగే ఉంది. కళ్లు ఎక్కడ తాకట్టు పెట్టావు?"

ఇంజనీరు మైకులో అందుకున్నాడు. "కంగారు పడకండి మేడమ్. కంప్యూటర్లో క్రాష్ అనే మామూలు సింబల్ శబ్దం ఉంది, అతికించేస్తా. వినేవాళ్లకి తేడా తెలీదు. అయినా మీ చైనా గిన్నెల బుట్ట జారిపడ్డట్టు మోగుతుంది."

"తేడా తెలియనివాళ్ల కోసం నేను కొట్టట్లేదు బాబూ. నేను కొట్టని దెబ్బకి నా పేరు పెడతావా?"

"సాయంత్రం దాకానే ఈ గది మనది వదినా. ఒప్పుకో."

"ఒప్పుకోను. మళ్లీ మొదట్నుంచి వాయిస్తా. ఆ చోట ఖాళీ వదిలేస్తా. అందులో ఏదైనా దూర్చారా, నా డ్రమ్స్ మొత్తం తీసేయండి."

"నువ్వు మొండిదానివని అన్నయ్య ఊరికే అనడు."

"మీ అన్నయ్యని మధ్యలోకి లాగకు. ఆయన నా పుల్లలు కూడా అడక్కుండా ముట్టుకోడు."

మళ్లీ మొదలుపెట్టారు. చరణం ముందు ఆమె చెయ్యి ఆపింది. మరిది నోరు తెరిచాడు కానీ మాట ఆలస్యంగా వచ్చింది. రెండో చరణం తొందరపడి ముందే అందుకున్నాడు. హెడ్‌ఫోన్లు తీసేశాడు.

"ఎక్కడ ఎత్తుకోవాలో తెలియట్లేదు వదినా."

"ఇన్నాళ్లూ ఎలా ఎత్తుకున్నావు?"

అతను చైనా సింబల్ వైపు చూశాడు. ఇంజనీరు ఆ చోట క్రాష్ పెట్టి వినిపించాడు. చైనా అయితే మోగి వెంటనే తెగిపోయేది. క్రాష్ సాగుతూనే ఉంది. మరిది మొదటి మాట అందులో మునిగిపోయింది.

"తీసెయ్యండి" అన్నాడు మరిది. తర్వాత వదిన దగ్గరికి వచ్చాడు. "చీలినదాంతోనే కానిచ్చేద్దామా?"

"చీలిక పెరుగుతుంది."

"పెరిగితే పెరగనీ."

"నా వస్తువుతో నువ్వు ధారాళం చూపించకు!"

అతను సింబల్ విప్పబోయాడు. ఆమె అతని చెయ్యి తోసేసి నట్టు తనే విప్పింది.

"ఇలాంటిది ఇంకోటి దొరికేదాకా పాట లేదు. గది వాళ్లకి నువ్వే చెప్పు."

"సరే. రేపు షాపులన్నీ తిరిగి వెతుకుతా."

"కొట్టి చూసి ఎంచేది నేను. నువ్వు నా వెనక మోసుకురా" అని చీలిన సింబల్‌ను సంచిలో పెట్టుకుంది.