నలభయ్యో పాఠం

కొత్త కంప్యూటరు మా ఇంట్లో అడుగుపెట్టిన రోజు నుంచీ నన్ను అనుమానిస్తూనే ఉంది. ఏ బొమ్మ మీద నొక్కినా తెర అంతా మసకబారి మధ్యలో ఒక ప్రశ్న వచ్చేది. ఈ పని చేయమన్నది మీరేనా, వేరెవరైనానా అని దాని భావం. ఇంట్లో నేను తప్ప ఎవరూ లేరు. ప్రతిసారీ నేనేనని ఒప్పుకోవలసి వచ్చేది.

అది 2007 జూలై. నేను నందిగామ హైస్కూల్లో లెక్కలు చెప్పేవాణ్ణి. ఉండేది జగ్గయ్యపేటలో. నా భార్య ప్రమీలారాణి ఆ ఫిబ్రవరిలో పోయింది. మా ఇంటి ముందు గదిలో ఆమె పద్దెనిమిదేళ్ళు టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపింది. ఆరు ఇంగ్లీషు మిషన్లు, రెండు తెలుగు మిషన్లు. కంప్యూటర్లు వచ్చి పిల్లలు తగ్గాక ఏడు మిషన్లు పాత ఇనుము కింద పోయాయి. ఒక్క తెలుగు మిషను మాత్రం ఇవ్వనంది.

ఆమె దగ్గర మొదట్లో నేనూ చేరాను. టైపు లోయరు పరీక్షకు రెండుసార్లు కూర్చుని రెండుసార్లూ తప్పాను. తెలుగు మిషనులో అక్షరం ఒక మీట, దాని కింద వత్తు ఇంకో మీట. నా వేలు అక్షరం కొట్టి ముందుకు పోయేది. వత్తు మిగిలిపోయేది. జగ్గయ్యపేట నా చేతిలో ఎప్పుడూ జగయపేటే. నాకు నందిగామకు బదిలీ అయినప్పుడు ఆమె, "పోన్లెండి, మీకు తగిన ఊరే ఇచ్చారు. ఆ పేరులో ఒక్క వత్తూ లేదు," అంది. ఆ మాట వీధిలో చాలాకాలం తిరిగింది.

బజార్లో దొరికే తెలుగు టైపు పుస్తకాలు ఆమెకు నచ్చేవి కావు. అందులోని వాక్యాలు ఏ ఊరివీ కావనేది. అందుకని తనే నలభై పాఠాలు రాయడం మొదలుపెట్టింది. డ వత్తుకు గడ్డివాము, ర్ల కోసం కంచికచర్ల మిరపకాయల లారీ, క వత్తుకు సిమెంటు ఫ్యాక్టరీ పక్క సందు. రాసినదాన్ని మా పాత కంప్యూటర్లో టైపు చేసేది. టైపు మిషనులో మీటలు ఎలా ఉంటాయో అదే వరసలో పనిచేసే తెలుగు సాఫ్టువేరు ఒకటి కొనుక్కుంది. ముప్పై తొమ్మిది పాఠాలు ఆమె చేతిరాతలో నా దగ్గర ఉన్నాయి. నలభయ్యోది కాగితం మీద రాయలేదు. జనవరిలో, ఒళ్ళు సహకరించని రోజుల్లో, నేరుగా కంప్యూటర్లో కొట్టింది. నేను తొంగిచూడబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"అచ్చయ్యాక చూద్దురుగాని," అంది.

తరవాత నాలుగు రోజులకు పాఠాలన్నీ సీడీలోకి ఎక్కించి నా చేతికిచ్చింది. ఆమె పోయాక జూన్‌లో మొదటి వానకు పిడుగు పడి పాత కంప్యూటరు కాలిపోయింది. దాని వెనక తగిలించిన తాళం కూడా పోయింది. వేలెడంత డబ్బీ అది, అది ఉంటేనే ఆ తెలుగు సాఫ్టువేరు తెరుచుకునేది. నాకు మిగిలింది సీడీ. నలభయ్యో పాఠం దానిలో ఉంది. అందులో నా గురించి ఏమైనా రాసిందేమోనని నాకొక ఆశ ఉండేది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

కొత్త కంప్యూటరు కొన్నది దానికోసమే. నందిగామలో ఉదయభాస్కర్ షాపులో తీసుకున్నాను. అతను నా దగ్గర చదువుకున్నవాడే. ఈ ఏడే వచ్చిన కొత్త సిస్టమని, ఇక అన్నీ ఇందులోనే నడుస్తాయని చెప్పాడు.

అన్నీ అంటే ఏమిటో ఇంటికి తెచ్చాక తెలిసింది. నేను అడగనివి పదిహేడు అందులో ముందే ఎక్కించి ఉన్నాయి. లెక్కల మాష్టర్ని కనక లెక్కపెట్టాను. పాటలమ్మే దుకాణం ఒకటి, ఫోటోల ఆల్బం ఒకటి, పేకాటలు, అరవై రోజులు మాత్రమే పనిచేసే ఉత్తరాల సాఫ్టువేరు, ఇంటర్నెట్టు లేని ఇంట్లో ఇంటర్నెట్టు వెతికిపెట్టే పట్టీ. వాటన్నిటి మీద కాపలాదారు ఒకటి. వైరస్సులు రాకుండా ముప్పై రోజులు ఉచితంగా చూసుకుంటుందట. ఇంకా ఇరవై తొమ్మిది రోజులే, ఇంకా ఇరవై ఎనిమిది రోజులే అని పొద్దున్నే చెప్పేది.

రోజుకు రెండు చొప్పున వాటిని తీసేశాను. ఒక్కొక్కటీ వెళ్తూ వెళ్తూ ఎందుకు తీసేస్తున్నారో కారణం రాయమని అడిగింది. నేను ఖాళీగా వదిలేశాను. పాటల దుకాణం తీసేసిన మర్నాడు మళ్ళీ వచ్చి కూర్చుంది.

తాళం లేకపోయినా చూద్దామని, సాఫ్టువేరు కొన్నప్పుడు దాంతో ఇచ్చిన సీడీ పెట్టినప్పుడు కాపలాదారు ఎర్రగా మెరిసింది. ప్రమాదకరమైన వస్తువును గుర్తించి తొలగించానని చెప్పింది. ఏదని చూస్తే, ప్రమీలారాణి పదేళ్ళు రోజూ వాడిన తెలుగు సాఫ్టువేరు. నేను కోపం తెచ్చుకునే మనిషిని కాను. ఆ రోజు లేచి వెళ్ళి పెరట్లో కాసేపు నిలబడ్డాను.

తిరిగొచ్చి పాఠాల సీడీ పెట్టాను. నలభయ్యో పాఠం తెరుచుకుంది. తెలుగు లేదు. ఇంగ్లీషు అక్షరాలు, కామాలు, కుండలీకరణాలు, అంకెలు ఒకదాని మీద ఒకటి పడ్డట్టు ఉన్నాయి. మధ్యమధ్య ఏమీ లేని చదరపు గళ్ళు. మూడు పేజీలు అలాగే ఉంది.

మర్నాడు స్కూలవగానే ఉదయభాస్కర్ దగ్గరికి వెళ్ళాను. ఆ అక్షరాలు పాత పద్ధతివని, కొత్త సిస్టానికి అవి తెలుగని తెలియదని చెప్పాడు. సాఫ్టువేరు చేసిన కంపెనీ ఫోను మోగడం లేదు. పేటలోనూ నందిగామలోనూ ఉన్న డీటీపీ వాళ్ళందరిదీ వేరే కంపెనీ సాఫ్టువేరు. వాళ్ళ దగ్గర తెరిస్తే ఇంకో రకం గందరగోళం వస్తోంది.

"పోనీ ఎక్కడైనా ఆ తాళం దొరికినా, పెట్టడానికి కన్నమేదండీ. కొత్తవాటికి వెనక ఆ కన్నం రావట్లా," అన్నాడు.

"అడగనివి పదిహేడు ఇచ్చారు. అడిగింది ఒక్కటి," అన్నాను.

అతను తల వంచుకున్నాడు. తప్పు అతనిది కాదని నాకూ తెలుసు.

తరవాతి ఆదివారం సూసన్ వచ్చింది. చందర్లపాడు వాళ్ళమ్మాయి. తల్లి ఆరోగ్యమ్మ కూలికి వెళ్ళి ఈమెను చదివించింది. మా ఇన్‌స్టిట్యూట్‌లో ఇంగ్లీషు, తెలుగు రెండూ హయ్యరు పాసై, నందిగామ కోర్టులో టైపిస్టుగా చేస్తోంది. ప్రమీలారాణి పోయినప్పటి నుంచి నెలకోసారి చర్చి అయ్యాక బస్సెక్కి వచ్చి నన్ను చూసి వెళ్ళేది. ఆ రోజు నేను తెర ముందు కూర్చుని ఉన్నాను. ఆమె వెనక నిలబడి చూసి, నవ్వు ఆపుకోలేకపోయింది.

"ఏంటమ్మా," అన్నాను.

"నా కాగితంలా ఉందండీ, తిరగేసి."

ఆ కాగితం సంగతి మా ఇన్‌స్టిట్యూట్‌లో అందరికీ తెలుసు. పిల్లలు మీటలు చూడకుండా కొట్టాలని ప్రమీలారాణి వాటి మీద తెల్ల ప్లాస్టరు ముక్కలు అంటించేది. పై నుంచి చూస్తే ఏది తెలుగు మిషనో, ఏది ఇంగ్లీషు మిషనో పోల్చుకోవడం కష్టం. సూసన్ ఇంగ్లీషు నేర్చుకుంటున్న రోజుల్లో ఒకసారి తెలియక తెలుగు మిషను ముందు కూర్చుంది. ఎదురుగా ఇంగ్లీషు పాఠం పెట్టుకుని, తల తిప్పకుండా పేజీ మొత్తం కొట్టేసింది. కాగితం తీసి చూస్తే అన్నీ తెలుగు ముక్కలు, నోరు తిరగని మాటలు. ఆ పిల్ల ఏడ్చింది. ప్రమీలారాణి ఆ కాగితం మీద ఒక్క ఇంగ్లీషు తప్పూ లేదని లెక్కగట్టి చెప్పి, ముందు గదిలో మేకుకు గుచ్చింది. పదహారేళ్ళుగా అది అక్కడే ఉంది.

"అప్పుడు ఇంగ్లీషు చూసి కొడితే తెలుగు చెత్త వచ్చింది కదండీ. ఇది మేడమ్ తెలుగు కొడితే వచ్చిన ఇంగ్లీషు చెత్త. మీటలు అవేగా, అక్షరాలే వేరు. నేను దీన్ని ఇంగ్లీషనుకుని ఆ మిషను మీద కొడితే?"

ఇద్దరం ఒకేసారి మూలనున్న మిషను వైపు చూశాం. కప్పిన గుడ్డ నేను తీశాను. రిబ్బను ఎండిపోయి దారాలు తేలింది.

ఆ వారం నందిగామంతా తిరిగి సూసన్ కొత్త రిబ్బను సంపాదించింది. నేను సీడీ పట్టుకుని ఉదయభాస్కర్ షాపుకు వెళ్ళి నలభయ్యో పాఠాన్ని ఉన్నది ఉన్నట్టు ప్రింటు తీయమన్నాను.

"ఇదంతానా మాష్టారూ? దీన్నెవరు చదువుతారండీ?"

"మా ఇన్‌స్టిట్యూట్‌లో చదివిన వాళ్ళున్నారు," అన్నాను. చాలా నెలల తరవాత నా గొంతు నాకే బాగా వినిపించింది.

ఆదివారం పొద్దున మిషను తుడిచి, మీటలకు నూనె వేసి, రిబ్బను బిగించాను. ఆ పనులు నాకు బాగా వచ్చు. సూసన్ కూర్చుని, ప్రింటు కాగితాన్ని ఎడమ పక్క నిలబెట్టుకుంది. వీపు నిటారుగా, మోచేతులు ఒంటికి ఆనించి, ప్రమీలారాణి కూర్చోబెట్టినట్టే కూర్చుంది. ఆమె చూపు కాగితం మీదే ఉంది. వేళ్ళు మాత్రం కదిలాయి. ముందు గదిలో ఆ చప్పుడు విని నాలుగేళ్ళయింది.

మొదటి వరస పైకి వచ్చింది. నేను వంగి చదివాను. తెలుగే.

కాకపోతే వత్తులు లేవు. సాఫ్టువేరు చేసినవాళ్ళు వత్తులను మామూలు అక్షరాలతో కాక వేరే చోట పెట్టినట్టున్నారు. తెర మీద గళ్ళుగా కనబడ్డవి అవే. ఏ గడి ఏ వత్తో కాగితం చూస్తే తెలియదు. ఏ వత్తో ఆలోచించి కొట్టనా అని సూసన్ అడిగింది. ఉన్నది ఉన్నట్టు కొట్టమన్నాను. మూడు పేజీలూ ఆమె వరసగా కొట్టింది. నేను పక్కన నిలబడి పైకి చదువుతూ పోయాను.

నలభయ్యో పాఠం వేగ పరీక్ష. నేర్చిన అక్షరాలన్నీ అందులో వస్తాయని పైన రాసింది. కింద అన్నీ పేర్లు. చందరపాడు సూసన్ నందిగామ కోరులో టైపు చేయును. కంచికచర పేమకుమారి మండలాఫీసులో టైపు చేయును. ఫలానా బెని హైదరాబాదులో, ఫలానా సంహిత గుంటూరులో. తన దగ్గర నేర్చి, ఆ వేళ్ళతో ఎక్కడో అక్కడ జీతం తెచ్చుకుంటున్నవాళ్ళందర్నీ ఒక్కరు వదలకుండా పాఠంలో కూర్చోబెట్టింది. మంచంలో ఉండి ఇవన్నీ ఎప్పుడు కనుక్కుందో నాకు తెలియదు. తన పేరు విని సూసన్ వేళ్ళు ఒక్క క్షణం నిలిచాయి. మళ్ళీ కదిలాయి. ఆ వరసలో తప్పు పోలేదు.

చివరి పేరా ఇలా ఉంది. వత్తులు పెట్టి ఇక్కడ రాస్తున్నాను.

"జగ్గయ్యపేటలో మా ముందు గదిలో నేర్చినవారు మూడు వందల పన్నెండు మంది. ఒక్కరు తప్ప అందరూ పాసయ్యారు. తప్పిన ఆ ఒక్కరు లెక్కల మాష్టారు. ఆయనకు వత్తులు రావు. పద్దెనిమిదేళ్ళు ప్రతి పరీక్ష నాడు పొద్దున్నే లేచి మిషన్లు తుడిచి, రిబ్బన్లు బిగించి, పిల్లలందరినీ బస్సెక్కించినది ఆయనే. ఈ పాఠం తప్పు లేకుండా కొట్టినవారికి ఇన్‌స్టిట్యూట్ ఎలా నడిచిందో తెలిసినట్టే."

సూసన్ చివరి కాగితం తీసి నా చేతికిచ్చింది. నేను కిటికీ దగ్గరికి వెళ్ళి మళ్ళీ చదివాను. జగయపేట, మాషారు, వతులు. సరిగ్గా నేను తప్పిన పరీక్ష పేపరులా ఉంది.

"వత్తులు నేను పెట్టనా అండీ?" అని అడిగింది.

వద్దన్నాను. బల్ల దగ్గర కూర్చుని జేబులోంచి పెన్ను తీశాను. అందులో ఎర్ర పెన్నూ ఉంది. అది తీయలేదు. నీలం పెన్నుతో మొదటి వరస నుంచి మొదలుపెట్టాను. ఒక్కో అక్షరం కింద ఆగి, ఏ వత్తో తేల్చుకుని పెట్టాను. మూడు పేజీలకు గంట పైన పట్టింది. సూసన్ పక్క కుర్చీలో కూర్చుని నేను ముగించిన కాగితాలు ఒక్కొక్కటే తీసుకుని సరిచూసింది. కోర్టు కాగితాలు సరిచూసే మనిషి. కిందా మీదా రెండుసార్లు చూస్తుంది.

మూడో కాగితం చివర్లో ఆమె వేలు ఆగింది. అడుగున పాఠం రాసినవారి పేరు ఉంది. పమీలారాణి.

"మాష్టారూ, ఇక్కడ వత్తు మరిచారు."

"మరవలేదమ్మా. అది చివరికుంచా."

కాగితం వెనక్కి తీసుకుని ప కింద ర వత్తు పెట్టాను. సూసన్ దాన్ని కూడా సరిచూసింది. తరవాత మూడు కాగితాలూ అంచులు కలిపి బల్ల మీద పెట్టి, "పాసే మాష్టారూ," అంది.

మిగిలిన ముప్పై తొమ్మిది పాఠాలు ప్రమీలారాణి చేతిరాత చూసి సూసన్ ఆదివారాలు కొట్టి పెట్టింది. దసరా సెలవుల్లో పుస్తకం అచ్చయింది. అందులో నలభయ్యో పాఠం మాత్రం అక్షరాలు పేర్చకుండా, సూసన్ కొట్టిన కాగితాలను వత్తులతో సహా ఫోటో తీయించి వేయించాను. అసలు కాగితాలను ముందు గదిలో సూసన్ పాత కాగితం ఉన్న మేకుకే గుచ్చాను.