తప్పు లేని ఇల్లు

జీడిపప్పు మీద ఎర్రతొక్క తీసే పనికి చూపు అక్కర్లేదు, వేళ్ళు చాలు. అందుకే నూకరత్నం ఆ పని చేస్తూనే కూతురికి చదువు చెప్పేది. నర్సీపట్నంలో వాళ్ళది రెండు గదుల ఇల్లు. ఫ్యాక్టరీ నుంచి తెచ్చుకున్న పప్పు చాటలో పోసుకుని, గుమ్మంలో కూర్చుని, చిన్న చాకుతో గరగరా గీకుతూ ఉంటే, ఎదురుగా చిట్టితల్లి పుస్తకం మూసి ఎక్కాలు అప్పజెప్పేది.

“ఆరు తొమ్మిదులు?”

“నలభై...” అని పిల్ల ఒక్క క్షణం ఆగేది. “కాదు కాదు, యాభై నాలుగు!”

రత్నానికి ప్రాణం లేచొచ్చేది. ఎవరూ అనకుండానే తన తప్పు తనే దిద్దుకుంటోంది! ఓ విరిగిన పప్పుబద్ద కూతురి నోట్లో పెట్టేది. పిల్ల అది నమలకుండా బుగ్గన దాచుకుని, తీపి ఊరేదాకా చప్పరించేది.

నిరుడు ఊళ్ళోనే ఒక ప్రైవేటు బడిలో, లెక్క తప్పు చెప్పిందని టీచరు చిట్టితల్లిని బెంచీ ఎక్కించి, క్లాసంతటి చేతా “తప్పూ” అని అరిపించింది. మర్నాటి నుంచి యూనిఫాం చూస్తే చాలు, పిల్లకి వాంతులు. ఇంటరు దాకా చదువుకున్న రత్నం ఇంక బడికి పంపలేదు. ఈ ఇంట్లో నీకు ‘తప్పు’ అన్న మాట వినపడదని కూతురికి మాటిచ్చింది. ఇన్నాళ్ళూ నిలబెట్టుకుంది.

ఇప్పుడు మళ్ళీ బడులు తెరిచే రోజులొచ్చాయి. ఆమె భర్త లోవరాజు కొయ్యూరు దారిలో ఆటో నడుపుతాడు. ఓ సాయంత్రం ఇంటికొస్తూనే మాట కదిపాడు.

“రత్నం, రోడ్డవతల గవర్నమెంటు బడిలో పేర్లు రాసుకుంటన్నారంట. ఏటి సేద్దాం?”

“ఏటీ సెయ్యొద్దు. నా దగ్గర సదవట్లేదేటి?”

“సదువుతాంది. కానీ ఆడుకోడానికి ఒక్క పిల్లయినా లేదు కదే దానికి.”

“బెంచీ ఎక్కించే సావాసం మనకెందుకు మావా? దానికి అన్నీ వచ్చు. నీకు రానివి కూడా సెప్తాది.”

“నాకు రానివంటే సేనా ఉన్నాయిలే,” నవ్వాడు లోవరాజు. “అయితే నానడుగుతాను, సెప్తాదా?”

“అడుగు మరి!”

కూతురి గొప్ప కళ్ళారా చూడాలని రత్నం చాట పక్కన పెట్టింది. కొంగుకి చేతులు తుడుచుకుని, ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

“ఏడు ఎనిమిదులు ఎంతమ్మా?”

“యాభై...” అంది చిట్టితల్లి. అని తల్లి వంక చూసింది. మొహం వంక కాదు, చేతుల వంక. “అరవై...” అంది. మళ్ళీ చూసింది. ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది. పిల్ల కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

“అమ్మా, నువ్వు తొక్క తియ్యవేటి?”

“ఇప్పుడెందుకే? నువ్వు సెప్పు.”

“నువ్వు తీస్తుంటేనే కదా తెలిసేది. తప్పయితే నీ సెయ్యి ఆగిపోతాది.”

రత్నం ఒళ్ళోని తన చేతుల వంక చూసుకుంది. నోటిని కట్టేసుకుంది గానీ, చేతిని కట్టేసుకోవాలని తనకి తట్టనే లేదు. ఏడాదిగా ఈ పిల్ల నేర్చుకున్నది ఎక్కాలు కాదు, అమ్మని వినడం.

లోవరాజు గెలిచినట్టు మాట్లాడలేదు. “ఊరుకో తల్లీ” అంటూ కూతుర్ని దగ్గరకి తీసుకున్నాడు.

మర్నాడు పొద్దున్న రత్నం చాట ముట్టుకోలేదు. కూతుర్ని ఎదురుగా కూర్చోబెట్టుకుంది.

“ఏడు ఎనిమిదులు?”

“యాభై నాలుగు.”

నాలుక తిరగడానికి కాసేపు పట్టింది. “తప్పు,” అంది రత్నం.

చిట్టితల్లి కింది పెదవి వణికింది. రత్నం దగ్గరకి లాక్కోబోయి, ఆగింది.

“తప్పయితే ఏటవుతాది?” అంది పిల్ల, నెమ్మదిగా.

“ఏటీ అవదు. మళ్ళీ సెప్తావు.”

“యాభై ఎనిమిది.”

“అదీ తప్పే.”

చిట్టితల్లికి కోపం వచ్చింది. “నువ్వు మాటాడకు!” అని అటు తిరిగి కూర్చుంది. వేళ్ళు మడుస్తూ ఏడుకి ఏడు కలుపుకుంటూ, మధ్యలో లెక్క పోతే విసుక్కుని, మళ్ళీ మొదటికొచ్చి, చాలాసేపు గోడతో గొణిగింది. చివరికి ఇటు తిరిగింది.

“యాభై ఆరు.”

రత్నం ఉలకలేదు, పలకలేదు.

“యాభై ఆరే! నువ్వు తప్పన్నా నానొప్పుకోను!”

రత్నం లేచి వీధిలోకి వెళ్ళింది. లోవరాజు ఆటో అద్దం తుడుస్తున్నాడు.

“మావా, బేగి రా. బడికెల్దాం. పేరు రాయించే ముందు బెంచీ ఎక్కించే సంగతి అక్కడి టీచరమ్మతో నాను మాటాడాలి.”

లోవరాజు గుడ్డ భుజాన వేసుకున్నాడు. “అక్కడ పిల్లలు నవ్వితే?”

“నవ్వుతారేమో,” అంది రత్నం. నవ్వరని చెప్పుకోడానికి ఆమెకి ధైర్యం చాలలేదు.

ముగ్గురూ నడిచే బయల్దేరారు. రోడ్డు దాటేటప్పుడు చిట్టితల్లి తల్లి చెయ్యి పట్టుకుంది. ఆ పట్టులో చెమట తగిలింది. అది కూతురిదో, తనదో రత్నానికి తెలియలేదు.